పట్టిసీమ రేవులో నేర్చిన పాఠం

గత జనవరిలో ఒక శనివారం, ఫజ్ర్ నమాజు ముగించుకుని మేము నలుగురం రాజమహేంద్రవరం నుండి పట్టిసీమకు బయలుదేరాము. ముప్పై ఏళ్ల క్రితం ఒకే అరబీ పాఠశాలలో, ఒకే చాప మీద కూర్చుని హదీసు గ్రంథాలు చదువుకున్నవాళ్లం. చదువు ముగిశాక ఎవరి ఉపాధి వారిదయింది. ఒకరు ఏలూరులో మస్జిదు ఇమాము. ఒకరు గుంటూరులో కిరాణా వ్యాపారి. మూడవవారు ఇరవై రెండేళ్లుగా గల్ఫ్ దేశంలో ఇమాముగా ఉంటున్నారు. మేము మాత్రం గోదావరి గాలి తగిలే చోటనే, ఒక మదరసాలో పిల్లలకు పాఠాలు చెప్పుకుంటూ ఉండిపోయాము. గల్ఫ్ మిత్రుడు సెలవు మీద రావడంతో ఒక్క రోజైనా నలుగురం కలిసి గడపాలని అనుకున్నాము. ఆయన వెంట ఇరవై రెండేళ్ల కుమారుడు కూడా వచ్చాడు.

1974లో ప్రారంభమైన రోడ్డు రైలు వంతెన మీదుగా కొవ్వూరు చేరి, తాళ్లపూడి, గూటాల దాటి వెళ్తుంటే కుడిచేతి వైపు గోదావరి దోబూచులాడుతూ ఉంటుంది. అరటితోటల సందుల్లో ఒకసారి వెండిరేకులా మెరిసి, మరుక్షణం గట్టు చాటున మాయమవుతుంది. ఎండ ఎక్కే వేళకు పట్టిసీమ రేవులో దిగాము. మంచు తెరలు విడిపోతున్నాయి. నది నడుమ దేవకూట పర్వతం, దాని మీద హైందవ సోదరుల వీరేశ్వరస్వామి ఆలయం. శివరాత్రి నాడు ఈ ఇసుక తిన్నెల మీద ఇసుక వేస్తే రాలనంత జనం ఉంటారు. ఆ రోజు మాత్రం వల దులుపుకునే పల్లెకారులు, పడవకోసం ఎదురుచూసే నలుగురైదుగురు యాత్రికులు తప్ప ఎవరూ లేరు.

ఈ ఊరి పేరు రాష్ట్రమంతటా మారుమోగింది 2015లో. ఇక్కడి ఎత్తిపోతల పథకంలోని 24 పంపులు గోదావరి నీటిని పోలవరం కుడి కాలువలోకి ఎత్తిపోస్తాయి. ఆ నీరు పశ్చిమంగా సాగి కృష్ణానదిలో కలుస్తుంది. వరద రోజుల్లో వృథాగా సముద్రం పాలయ్యే నీటిలో 80 టీఎంసీల వరకు మళ్లించి కృష్ణా డెల్టా పొలాలను తడపాలన్నది ఆ పథకం ఉద్దేశం. ఆకాశం నుండి కురిసిన నీటితో మృతభూమిని బ్రతికించడాన్ని దివ్య ఖుర్ఆన్ పదేపదే అల్లాహ్ సూచనగా పేర్కొంటుంది. ఆ సూచనను అర్థం చేసుకుని శ్రమించిన మనిషికి నది సేవకురాలవుతుంది. అర్థం చేసుకోని వానికి అదే నది ఏమవుతుందో చెప్పడానికే ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

రేవులో గట్టు మీద కూర్చుని తెచ్చుకున్న ఇడ్లీలు తింటుండగా గల్ఫ్ మిత్రుడు తన అనుభవం ఒకటి చెప్పారు. రసల్ ఖైమా దగ్గర జబల్ జైస్ అనే పర్వతం ఉంది. దాని మీద ఒక కొండకొమ్ము నుండి మరో కొండకొమ్ముకు 2.83 కిలోమీటర్ల పొడవున ఇనుప తీగ కట్టి, మనిషిని బోర్లా వేలాడదీసి, లోయ మీదుగా దూసుకుపోనిస్తారు. 2018లో ప్రారంభమైన ఈ తీగకు ప్రపంచంలోనే అతి పొడవైనదిగా పేరు వచ్చింది. అక్కడి మిత్రులు కొందరు సెలవు రోజున ఈయనను కూడా వెంటబెట్టుకుని వెళ్లారట. గడ్డం నెరిసిన ఇమాము గారు పక్షిలా ఎగిరారని విని మేమంతా నవ్వాము.

"భయం వేయలేదా మౌలానా?" అని ఏలూరు మిత్రుడు అడిగారు.

"ప్రాణం గొంతులోకి వచ్చింది. కలిమా చదువుకున్నాను. కానీ ఒక సంగతి చెప్పాలి. ముందుగా నన్ను తూకం వేశారు. నడుముకు, భుజాలకు, కాళ్లకు పట్టీలు బిగించారు. ఒకడు బిగించినదాన్ని మరొకడు వచ్చి లాగి చూశాడు. శిరస్త్రాణం పెట్టారు. గాలి ఎక్కువైతే ఆ రోజుకు ఆపేస్తామన్నారు. అంత కట్టుదిట్టం చేశాకే వదిలారు. దిగాక ఆలోచించుకున్నాను. అక్కడ భయం కొండంత, ప్రమాదం గోరంత. మన రేవుల్లో భయం గోరంత కూడా ఉండదు, ప్రమాదం మాత్రం కొండంత."

ఆ మాట మా గుండెలో గుచ్చుకుంది. ఎందుకో పాఠకులకు చెప్పుకోవాలి.

2019 సెప్టెంబర్ 15న ఈ పట్టిసీమకు ఎగువన, దేవీపట్నం మండలం కచ్చులూరు వద్ద, పాపికొండల విహారానికి వెళ్తున్న పర్యాటకుల పడవ వరద గోదావరిలో మునిగిపోయింది. అందులో 77 మంది ఉన్నారు. ప్రాణాలతో బయటపడినవారు 26 మంది. పక్క గ్రామాల గిరిజన సోదరులు తమ పడవలతో ఉరికి వెళ్లి ఆ కొందరినీ ఒడ్డుకు చేర్చారు. మునిగిన పడవను అక్టోబర్ 22న కాకినాడ నుండి వచ్చిన ధర్మాడి సత్యం బృందం వెలికి తీసింది. ఆ నెలంతా మా ప్రాంతంలో ఏ ఇంట చూసినా అదే మాట. అంతకు రెండేళ్ల ముందు, 2017 నవంబర్‌లో, విజయవాడ ఎగువన కృష్ణా గోదావరి నీళ్లు కలిసే పవిత్ర సంగమం వద్ద జరిగిన పడవ ప్రమాదాన్ని కూడా జనం మళ్లీ గుర్తు చేసుకున్నారు.

అప్పటికి మా మదరసాలోని పెద్ద విద్యార్థులు పాపికొండలు చూసి వస్తామని అనుమతి అడిగి ఉన్నారు. కచ్చులూరు వార్త తెలిసిన రోజున మేము ఆ విన్నపాన్ని తిరస్కరించడమే కాక, ఇకమీదట విద్యార్థులెవరూ గోదావరి గట్టు దిగరాదని ఆంక్ష పెట్టాము. మనల్ని మనమే చేజేతులా వినాశంలోకి నెట్టుకోరాదని సూరా అల్ బఖరా 195వ ఆయతులో ఉన్న హెచ్చరికను పిల్లలకు వినిపించాము. బాధ్యత తీరిపోయిందని నిద్రపోయాము.

2022 వేసవిలో ఒక మధ్యాహ్నం, హిఫ్జ్ చదువుతున్న పదమూడేళ్ల కుర్రవాడొకడు అస్ర్ వేళకు కనిపించలేదు. ఇద్దరు స్నేహితులు ధైర్యం చెప్పగా రేవుకు వెళ్లి నీళ్లలోకి దిగాడు. మోకాటి లోతు అనుకున్న చోట ఇసుక తవ్విన గొయ్యి ఉంది. గేదెలు కడుగుతున్న ఒక రైతు జుట్టు పట్టి లాగి ఒడ్డున పడవేశాడు. అల్లాహ్ దయవల్ల పిల్లవాడు దక్కాడు. మేము వాణ్ణి మదరసాకు తీసుకువచ్చి, వరుసలో అందరి ముందు నిలబెట్టి మందలించాము. "ఆంక్ష ఉందని తెలియదా?" అని అడిగాము. వాడు తల వంచుకుని మెల్లగా అన్నాడు: "తెలుసు ఉస్తాద్. కానీ ఈత వస్తే మునిగేవాణ్ణి కాదు కదా."

ఎదురు సమాధానం చెప్పాడని కోప్పడ్డాము. మర్నాడు వాడి తండ్రి వచ్చి, మమ్మల్ని ఒక్క మాటా అనకుండా, కొడుకు నుదుట ముద్దు పెట్టుకుని వెళ్లిపోయాడు. ఆయన ఏమైనా అని ఉంటే మాకు కొంత తేలికగా ఉండేది.

గల్ఫ్ మిత్రుని మాట వింటుంటే ఆ పిల్లవాడి వంచిన తల కళ్ల ముందు మెదిలింది. ఇంతలో మిత్రుని కుమారుడు కారు వెనుక నుండి ఒక పెద్ద సంచి తెచ్చి విప్పాడు. గాలి నింపుకునే చిన్న పడవ. కయాక్ అంటారట. గల్ఫ్‌లో స్నేహితులతో సముద్రంలో నడిపిన అలవాటు ఉందట. పంపుతో గాలి కొడుతుంటే రేవులోని పిల్లలంతా చుట్టూ మూగారు. ఇద్దరు పట్టే పడవ అది. అవతలి ఇసుక తిన్నె చుట్టి రావాలని అతని ఆలోచన. తోడు ఎవరు వస్తారన్న ప్రశ్న వచ్చింది.

గుంటూరు మిత్రుడు మా వైపు తిరిగి చమత్కరించారు. "ఈత గురించి హదీసు చెప్పే ఉస్తాద్ గారు ఇక్కడే ఉండగా ఇంకెవరిని వెతుకుతారు?"

ఆయన చెప్పిన హదీసు ఇది. అల్లాహ్ స్మరణ లేనిదంతా వ్యర్థ కాలక్షేపమేనని, అయితే నాలుగు పనులు అందుకు మినహాయింపు అని దైవప్రవక్త (సఅసం) సెలవిచ్చారు. విలువిద్య అభ్యాసంలో రెండు గురుల మధ్య నడవటం, గుర్రానికి శిక్షణ ఇవ్వటం, భార్యతో సరదాగా గడపటం, ఈత నేర్చుకోవటం. ఇమామ్ నసాయీ, ఇమామ్ తబరానీ తమ గ్రంథాలలో దీనిని నమోదు చేశారు. మేము దీన్ని పాతికేళ్లుగా ప్రతి తరగతికీ బోధిస్తున్నాము. ఉల్లేఖకుల పరంపరను అప్పజెప్పగలము. ఒక్కొక్క పదానికి వ్యాకరణం చెప్పగలము. కానీ గోదావరి ఒడ్డునే పాతికేళ్లు బ్రతికిన మాకు ఈత రాదు. మిత్రులందరికీ ఆ సంగతి తెలుసు. అందుకే నవ్వారు.

ఆ నవ్వుకు రోషం వచ్చి లేచామని ఒప్పుకోవాలి. హజ్రత్ ముఆవియా (రజి) సముద్ర దండయాత్రకు అనుమతి కోరినప్పుడు హజ్రత్ ఉమర్ (రజి) ముస్లిముల ప్రాణాల గురించి భయపడి నిరాకరించారు. తరువాత హజ్రత్ ఉస్మాన్ (రజి) అనుమతించినా, ఎవరినీ బలవంతాన ఓడ ఎక్కించరాదని, ఇష్టపడి వచ్చినవారినే తీసుకుపోవాలని షరతు పెట్టారు. అలా హిజ్రీ 28లో సైప్రస్ ప్రయాణం జరిగింది. బలవంతం అంటే కర్ర పట్టి తోలడమే కాదు. స్నేహితుల నవ్వు కూడా ఒక బలవంతమే. మా మదరసా కుర్రవాణ్ణి నీళ్లలోకి దింపింది అదే. యాభై ఏళ్లు దాటిన మమ్మల్ని ఆ రోజు దింపినదీ అదే.

అప్పటివరకు మౌనంగా వల బాగుచేసుకుంటున్న ఒక వృద్ధ పల్లెకారు లేచి వచ్చాడు. "సాయిబుగారూ, మీకు ఈత వచ్చాండీ?" అని అడిగాడు. రాదన్నాము. ఆయన మిత్రుని కుమారుని వైపు చూసి, "జాకెట్లు ఉన్నాయా బాబూ?" అన్నాడు. రెండు ఉన్నాయి. మేము ఒకటి తీసుకుని చేత్తో పట్టుకున్నాము. షేర్వాణీ తీసి, పైజామా మడిచి, దాని మీద ఆ నారింజరంగు బొంత వేసుకోవడానికి సిగ్గు అనిపించింది.

ఆయన నవ్వలేదు. "జాకెట్టు చంకలో పెట్టుకుంటే ఏం లాభమండీ? ఒంటికి తగిలించుకోవాలి గానీ. ఉక్కపోస్తోందని విప్పి పక్కన పెట్టుకునేవాళ్లని ఎంతమందిని చూశానో. గోదారమ్మ చెప్పి రాదండీ." అంటూ తానే మా భుజాలకు తొడిగి, పట్టీలు బిగించి, లాగి చూశాడు. జబల్ జైస్ మీద ఎవరో చేసిన పనినే ఈ రేవులో ఈయన చేస్తున్నాడని మా మిత్రుడు మెల్లగా అన్నారు. అంతటితో ఆగక ఆ వృద్ధుడు తన నావను కూడా విప్పి, గెడ వేసుకుంటూ మా వెనుక బారెడు దూరంలో రాసాగాడు. అడగలేదు, బేరమాడలేదు.

నూహ్ (అలైహిస్సలాం) ఓడ ఎక్కేటప్పుడు చేసిన దుఆ చదువుకుని పడవలో కూర్చున్నాము. మొదటి పది నిమిషాలు ఎంత హాయిగా ఉందో చెప్పలేము. నీటికి మనకూ మధ్య ఒక పలుచని పొర మాత్రమే ఉంటుంది. తెడ్డు వేసిన ప్రతిసారీ నది ఊపిరి అరచేతికి తగులుతుంది. ఒడ్డు నుండి చూస్తే నిద్రపోతున్నట్టు కనిపించే గోదావరి లోపల ఎంత బలంగా నడుస్తున్నదో అప్పుడు తెలిసింది. తిన్నె వైపు తిరగబోతుండగా ఒక మోటారు పడవ దూరంగా దాటిపోయింది. దాని అల పక్కవాటుగా వచ్చి తగిలింది. నడిపేవాడు "వంగకండి చాచా" అని అరుస్తూనే ఉన్నాడు. మేము భయంతో అంచును పట్టుకుని అటే వంగాము. పడవ బోర్లా పడింది.

నీళ్లలో మునిగిన ఆ కొన్ని క్షణాలను ఎంత రాసినా చాలదు. చెవుల్లో హోరు, కళ్ల ముందు పచ్చని చీకటి. ఏ దుఆ గుర్తుకు రాలేదు. ముప్పై ఏళ్లు నోట నానిన వాక్యాలేవీ రాలేదు. "యా అల్లాహ్" అన్న ఒక్క పిలుపు మాత్రం లోపలి నుండి వచ్చింది. అలలు చుట్టుముట్టినప్పుడు మనిషి అల్లాహ్‌ను మాత్రమే చిత్తశుద్ధితో మొరపెట్టుకుంటాడని, ఒడ్డు చేరగానే మరచిపోతాడని సూరా యూనుస్‌లో, సూరా లుఖ్మాన్‌లో ఉన్న వర్ణన ఏమిటో ఆ క్షణంలో అనుభవమయింది.

జాకెట్టు మమ్మల్ని పైకి లాగింది. తల బయటకు రాగానే చేసిన మొదటి పని చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. పక్కన తేలుతున్న మిత్రుని కుమారుని మెడను రెండు చేతులా గట్టిగా చుట్టేశాము. ఈత బాగా వచ్చిన ఆ యువకుడు మా బరువుకు మునగసాగాడు. అతనికీ జాకెట్టు ఉండబట్టి సరిపోయింది. "సాయిబుగారూ, పిల్లోణ్ణి వదలండి, గెడ పట్టుకోండి!" అన్న గద్దింపు వినిపించింది. కళ్ల ముందుకు వెదురు గెడ వచ్చింది. దాన్ని పట్టుకున్నాము. నావ మీదికి లాగబడ్డాము. అంతా కలిపి రెండు మూడు నిమిషాలు ఉంటుందేమో.

ఒడ్డున వణుకుతూ కూర్చుంటే మిత్రులెవరూ నవ్వలేదు. గుంటూరు మిత్రుడు తన శాలువా మాకు కప్పి, "నన్ను క్షమించు భాయ్" అన్నారు. మా మనసు ఆయన మీద లేదు. ఆ యువకుని మెడ మీద మా వేళ్ల గుర్తులు ఎర్రగా కనిపిస్తున్నాయి. ఈత రాకపోవడం మా సొంత లోపం, దానివల్ల నష్టం మాకేనని ఇన్నాళ్లూ అనుకున్నాము. కాదు. ఈత రానివాడు తాను మునగడమే కాదు, కాపాడవచ్చినవాణ్ణి కూడా ముంచుతాడు. ఇది సాటి మనుషుల హక్కులకు సంబంధించిన విషయం.

జుహ్ర్ వేళ అయింది. పొడిబట్టలు కట్టుకుని, ఇసుక మీద తువ్వాళ్లు పరచి జమాఅతుతో నమాజు చేశాము. సజ్దాలో నుదుటికి తగిలిన ఆ ఇసుక వెచ్చదనం ఇప్పటికీ మరువలేము. నమాజు తరువాత ఏలూరు మిత్రుడు ఇమామ్ బుఖారీ గారి 'అల్ అదబుల్ ముఫ్రద్'లోని ఒక హదీసును గుర్తు చేశారు. పిట్టగోడ లేని డాబా మీద నిద్రించి పడి చనిపోయినవాని విషయంలోనూ, సముద్రం అల్లకల్లోలంగా ఉన్నప్పుడు ప్రయాణించి చనిపోయినవాని విషయంలోనూ ఇక రక్షణ బాధ్యత తొలగిపోతుందన్నది దాని భావం. డాబా మీద పడుకోవద్దని ఆ హదీసు చెప్పడం లేదు, పిట్టగోడ కట్టుకోమంటోంది. ఓడ ఎక్కవద్దని చెప్పడం లేదు, నీటి తీరు చూసుకుని ఎక్కమంటోంది. ఒంటెను కట్టివేసి ఆ తరువాత అల్లాహ్‌పై భారం మోపమన్న తిర్మిజీ హదీసు సారమూ ఇదే.

అప్పుడు మాకు మా ఆంక్ష గుర్తుకు వచ్చింది. పిట్టగోడ కట్టకుండా డాబా మెట్లకు తాళం వేశాము మేము. తాళం వేసినంత మాత్రాన పిల్లలు డాబా ఎక్కకుండా ఉంటారా? గోదావరి ఒడ్డున పుట్టిన పిల్లవాడు ఏదో ఒక రోజు గోదావరిలో దిగుతాడు. మేము వాడికి ఇవ్వవలసింది భయం కాదు, విద్య. "ఈత వస్తే మునిగేవాణ్ణి కాదు కదా" అని వాడు అన్నది ఎదురు సమాధానం కాదు. మేము చెప్పిన హదీసునే వాడు మాకు తిరిగి అప్పజెప్పాడు. అర్థం చేసుకోలేకపోయింది ఉస్తాదు.

సాయంత్రం తిరిగి వస్తూ ఆ వృద్ధునికి కొంత డబ్బు ఇవ్వబోయాము. పుచ్చుకోలేదు. "మీ బళ్లో పిల్లలకి ఈత నేర్పించండి సాయిబుగారూ, అదే చాలు" అన్నాడు. రేవు మెట్లెక్కుతూ వెనక్కి చూస్తే ఆయన మళ్లీ వల ముందు కూర్చుని చిల్లులు అల్లుకుంటున్నాడు.

ఇంటికి చేరిన వారంలోనే మదరసా పెద్దలతో మాట్లాడాము. తల్లిదండ్రుల నుండి రాతపూర్వక అనుమతి తీసుకుని, శుక్రవారం ఉదయం జుమా స్నానానికి ముందు, నడుము లోతు దాటని చోట, నేర్పేవారు ఇద్దరు దగ్గర ఉండగా, ప్రతి పిల్లవానికీ జాకెట్టు తొడిగి ఈత నేర్పించాలని నిర్ణయమయింది. వరద రోజుల్లో నీటి దరికి పోకూడదన్న నియమం యథాతథంగా ఉంది. ఇప్పుడు దానికి కారణం పిల్లలకు తెలుసు గనుక, కాపలా కాయవలసిన పని తగ్గింది. ఆడపిల్లలకు కూడా పరదా నియమాలకు లోబడి, స్త్రీల చేతనే నేర్పించే ఏర్పాటు చేయాలని కొందరు తల్లులు కోరారు. వారి మాట న్యాయమైనది. నీరు ఆడపిల్లనీ మగపిల్లవాణ్ణీ వేరుగా చూడదు. ఇన్షా అల్లాహ్, ఆ ప్రయత్నమూ సాగుతోంది.

సెలవుల్లో మిత్రులతో కలిసి దూరదేశాలకు వెళ్లే మన యువకులకు ఒక్క మాట. కొండల మీద తీగ పట్టుకుని జారినా, సముద్రంలో పడవ నడిపినా, మా పాపికొండలు చూడవచ్చినా, ఎక్కే ముందు మూడు సంగతులు మనసును అడగండి. ఇది నేను ఇష్టపడి చేస్తున్నానా, స్నేహితుల నవ్వుకు వెరచి చేస్తున్నానా? ఒంటెను కట్టానా? నాకేమైనా అయితే నన్ను కాపాడవచ్చేవానికి నేను భారమవుతానా? ఈ మూడింటికీ నిజాయితీగా సమాధానం దొరికితే దుఆ చదువుకుని ఎక్కండి. దొరకకపోతే ఒడ్డున కూర్చుని ఇడ్లీలు తినడంలో అవమానం ఏమీ లేదు.

మొదటి శుక్రవారం పిల్లలంతా కేరింతలు కొడుతూ నీళ్లలో దిగారు. ఆనాడు గోతిలో పడ్డ కుర్రవాడు మాత్రం మెట్టు మీదే నిలబడిపోయాడు. ఇప్పుడు వాడికి నూనూగు మీసాలు వస్తున్నాయి, హిఫ్జ్ పూర్తి చేశాడు. మేము నారింజరంగు జాకెట్టు తొడుక్కుని వాడి పక్కకు వెళ్లి, "ఆ రోజు నువ్వన్నదే నిజం. మాకూ రాదు. ఇద్దరం కలిసి నేర్చుకుందామా?" అని అడిగాము. వాడు మా వైపు ఆశ్చర్యంగా చూశాడు. తరువాత మా జాకెట్టు పట్టీని లాగి చూసి, "ఇది వదులుగా ఉంది ఉస్తాద్" అంటూ బిగించి, మా చెయ్యి పట్టుకుని మొదటి మెట్టు దిగాడు.